నోరోవైరస్ పుట్టుమచ్చలు

రెండు మూడేళ్లకోసారి వచ్చినట్టే ఈసారి కూడా నోరోవైరస్ కొత్త మనిషిగా పేరు నమోదు చేయించుకోవడానికి మునిసిపల్ ఆఫీసుకు వచ్చి, పదకొండో నంబరు టోకెన్ తీసుకుని వరండాలో బెంచీ మీద కూర్చుంది. బెంచీ మీద కనిపించేది ఇస్త్రీ చొక్కా ఒక్కటే. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి, కాలరు పైన మాత్రం ఎవరూ లేరు. పింఛను కోసం వచ్చిన ముసలాయన కాస్త జరిగి దానికి చోటిచ్చాడు.

రోగాల నమోదు కౌంటర్లో కూర్చునేది సీనియర్ అసిస్టెంటు వానపల్లి హైమావతి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమెకు ఈ వైరస్ వంశం కంఠతా వచ్చేసింది. మొత్తం పది గోత్రాలు. మనుషుల జోలికి వచ్చేవి కొన్నే, తక్కినవి పందుల్నీ పశువుల్నీ కుక్కల్నీ చూసుకుంటాయి. మాటిమాటికీ టోకెన్ తీసుకునేది రెండో గోత్రంలో నాలుగో ఇంటివాళ్లే. ఆ ఇంట్లో నకళ్లు రాసే గుమాస్తా తప్పు లేకుండా రాయడు. వాటిని దిద్దే మనిషి పోస్టు మొదటినుంచీ ఖాళీ. తప్పుల తడక నకళ్లు చాలావరకు అక్కడికక్కడే చస్తాయి. ఎక్కడో ఒకటి మాత్రం ఆ తప్పునే కొత్త చొక్కాగా కుట్టించుకుని కౌంటరుకు వస్తుంది. ఒక్కోసారి ఒకే కడుపులో ఇద్దరు చుట్టాలు ఎదురుపడి, ఒకడి చొక్కా, ఇంకొకడి చేతిరాత కలిపి మూడోవాణ్ణి తయారుచేస్తారు. అందుకని దరఖాస్తులో ఇంటిపేరుకు రెండు గళ్లు పెట్టారు. ప్రభుత్వం అన్నీ ఆలోచించే చేస్తుంది.

"పాత చిరునామా?" అని అడిగింది హైమావతి.

"లేదండి. కొత్తగా వచ్చాను."

"పని ఎక్కడ?"

"బాలికల గురుకులంలోనండి. వడ్డన పని. ఇవాళ సాయంత్రం నుంచే రమ్మన్నారు."

హైమావతి కలం ఆగిపోయింది. రెండేళ్ల కిందట ఆ గురుకులంలోనే ఈ వైరస్ సోకి ఒక్క పూటలో అరవై ఒక్కమంది పిల్లలు వాంతులతో పడిపోయారు. వాళ్లలో ఆమె కూతురు లేఖన ఒకతె, అప్పుడు ఏడో తరగతి. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. పిల్ల కళ్లు గుంటలు పడి, పిలిస్తే పలకని ఆ నాలుగు రోజులూ హైమావతి మంచం పక్కనుంచి లేవలేదు. ఆ వైరస్ మళ్లీ ఆ వంటశాల గడప తొక్కకూడదని కమిషనర్ గారు ఆర్డరిచ్చారు. పిల్లల కడుపుల్లో ఆనాటి చొక్కా ఫొటో ఇచ్చి ఒక్కో కాపలావాణ్ణి కూడా నిలబెట్టారు. కానీ కొత్త మనిషి అని సర్టిఫికెట్ ఇస్తే పాత ఆర్డరు వర్తించదు, కాపలావాడి చేతిలో ఫొటో పనికిరాదు.

ఆమె లేచి కౌంటరు మీద వంగి కాలరు లోపలికి చూసింది. చొక్కా కొత్తదే. లోపలి ఖాళీ మాత్రం ఆ నాలుగు రోజులూ మంచం పక్కన తను చూసిన ఖాళీయే.

"నువ్వే కదూ?" అంది మెల్లిగా.

"పుట్టుమచ్చలు చూసుకోండి మేడమ్," అని చొక్కా మర్యాదగా చేయి తిప్పి చూపించింది.

మనిషిని గుర్తించాలంటే రెండు పుట్టుమచ్చలు. పదో తరగతి సర్టిఫికెట్లకు ఏ రూలో, రోగాలకూ అదే రూలు. పాత రిజిస్టరులో ఒకటి కాలరు కింద, ఒకటి కుడి కఫ్ మీద ఉన్నట్టు రాసి ఉంది. ఇప్పుడు ఒకటి మూడో గుండీ పక్కన, ఇంకొకటి ఎడమ మోచేతి మీద ఉన్నాయి. హైమావతి ఫైలు పట్టుకుని సూపరింటెండెంట్ జోగారావు గారి దగ్గరికి వెళ్లింది.

"మచ్చలు కలిశాయా అమ్మా?"

"కలవలేదు సార్. కానీ మనిషి వాడే."

"వాడే అని రాయడానికి ఫారంలో గడి ఉందా?"

"ఒక్కసారి చొక్కా విప్పమందాం సార్. లోపల ఏం మారలేదు, నాకు తెలుసు. మా పాప అక్కడే చదువుతోంది సార్."

"అర్జీదారుణ్ణి చొక్కా విప్పమంటే రేపు మన మీదే కేసు పడుద్ది. మొన్న బ్లాక్‌లిస్టులో పెట్టిన కాల్వల కాంట్రాక్టరు బావమరిది పేరుతో వస్తే ఏం చేశావు?"

"సంతకం పెట్టాను సార్."

"మరి?"

హైమావతి సంతకం పెట్టింది. చొక్కా రెండు చేతులూ జోడించి సర్టిఫికెట్ అందుకుంది. ఆమె వెంటనే సగం రోజు సెలవు రాసి, పిల్లనైనా ఇంటికి తెచ్చుకుందామని బస్టాండుకు పరుగెత్తింది. రెండు సీట్ల ముందు అదే చొక్కా కూర్చుని ఉంది. కండక్టరు దానికి చిల్లర తిరిగిచ్చాడు.

గురుకులంలో వార్డెన్ సువార్తమ్మ పుస్తకంలోంచి ఔట్‌పాస్ చింపి, లేఖనను పిలిపించి, రిజిస్టరు తెరిచింది. పిల్లను అటూ ఇటూ తిప్పి పుట్టుమచ్చలు వెతికింది.

"కుడి చెంప మీద ఒకటి, ఎడమ ముంజేతి మీద ఒకటి అని ఉందండి. ఈ పిల్లకి ఒకటి మెడ మీద, ఒకటి పాదం మీద ఉన్నాయి. రికార్డు ప్రకారం ఈ పిల్ల మీ పిల్ల కాదండి."

"నేను కన్నానమ్మా!"

"కన్నారేమోనండి. రాసింది కూడా మీరే కదా."

చేతిరాత హైమావతిదే. అడ్మిషన్ రోజున క్యూ చాంతాడంత ఉంది. ముందున్న పిల్ల దరఖాస్తులో మచ్చలు చూసి అవే దింపేసింది. ఆఫీసులో అందరూ చేసే పనే, తర్వాత దిద్దుకోవచ్చనుకుంది. ఆ తర్వాత రెండేళ్లు గడిచాయి.

"పాస్ చింపేశానండి, ఎవరో ఒకరు వెళ్లకపోతే హాజరు తేడా వస్తుంది," అంటూ సువార్తమ్మ పిల్లల ముఖాలు, ముంజేతులు చూసుకుంటూ వెళ్లి ఎనిమిదో తరగతి సింధూజను చేయి పట్టి తీసుకొచ్చింది. మచ్చలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఆ పిల్ల సంచీ సర్దుకుని వచ్చి బుద్ధిగా నిలబడింది.

హైమావతికి అరవాలనిపించింది. కానీ పొద్దున తన బల్ల మీద జరిగిందానికీ ఇక్కడ జరుగుతున్నదానికీ ఒక్క రూలు కూడా తేడా లేదు. పిల్లను ముట్టినట్టు సంతకం పెట్టింది. ఎవరి పిల్లో ఒక పిల్ల బయటపడుతోంది కదా అని తనకు తానే చెప్పుకుంది. ఆ మాటకు తనే సిగ్గుపడింది.

భోజనాల గంట కొట్టారు. వడ్డన బల్ల వెనక ఇస్త్రీ చొక్కా గరిటె పట్టుకుని నిలబడింది. లైన్లో పిల్లలు ఒక్కొక్కరే ముందుకు కదులుతున్నారు.

"అమ్మా, నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అంది లేఖన.

"మచ్చలు దిద్దించడానికి రేపే అర్జీ పెడతానే. నలభై అయిదు రోజుల గడువు."

లేఖన గుమాస్తా కూతురు. గడువు గురించి వాదించలేదు.

"రసీదు మాత్రం మర్చిపోకుండా తీసుకో అమ్మా," అని చెప్పి కంచం ముందుకు చాపింది.