నలభై కంప్యూటర్ల మేలుకొలుపు

ఆ ఆదివారం పొద్దున బ్లెసన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తాపూర్‌లో తన ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఒక్క మీట నొక్కాలి. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు పక్కనున్న వాళ్ల కార్గో ఆఫీసులో, పడుకున్న నలభై కంప్యూటర్లు నిద్ర లేవాలి. అవి అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటే తను భార్య సునీలతో చర్చికి పోవాలి. ఆరాధన అయ్యేసరికి పనీ అవుతుంది.

ఆ పని మీదే అతని కొలువు వేలాడుతోంది. బ్లెసన్ రెండేళ్లుగా కాంట్రాక్టు మనిషి. శుక్రవారం మేనేజర్ శోభ మేడమ్ పిలిచి, "బ్లెసన్ గారూ, సోమవారం పొద్దుటికి అన్ని కంప్యూటర్లూ సిద్ధంగా ఉంటే మీ పర్మినెంట్ కాగితం పైకి పంపుతాను. లేదంటే నెలాఖరుతో కాంట్రాక్టు సరి" అని చెప్పింది. అతను ఆఫీసుకొచ్చి కూర్చుని చేస్తాడనే ఆమె అనుకుంది. ఇంట్లోంచే చేస్తానని బ్లెసన్ చెప్పలేదు. సెలవు రోజు అక్కడ ఎవరుంటారులే అనుకున్నాడు.

సత్తెమ్మ ఉంటుంది. పాల్మాకుల నుంచి మొదటి ఆటో పట్టుకుని వచ్చి, ఆదివారాలు ఆఫీసంతా ఊడ్చి తుడుస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. పోయిన నెల ఆన్‌లైన్ దొంగల గురించి బ్లెసన్ సిబ్బందికి ఒక క్లాసు తీసుకున్నాడు. అందరూ సమోసాల కోసం ఎదురుచూస్తూ ఫోన్లు చూసుకున్నారు. గోడ వారన టీ పళ్లెంతో నిలబడిన సత్తెమ్మ ఒక్కతే చెవులు రిక్కించి విన్నది. మనిషి లేని కంప్యూటర్ దానంతటదే వెలిగితే దొంగ దూరినట్టు లెక్క. వెంటనే ఆపెయ్యాలి. ఎవరైనా ఫోన్ చేసి, బ్లెసన్ పేరే చెప్పినా సరే, నమ్మకూడదు. ఇంత బాగా చెప్పానని ఆ రోజు బ్లెసన్ తనకు తానే మురిసిపోయాడు.

మీట నొక్కాడు. ఆఫీసులో నలభై తెరలు ఒక్కసారిగా వెలిగాయి. మధ్యలో చీపురుతో నిలబడిన సత్తెమ్మ "యేసయ్యా!" అని ఒక్క కేక పెట్టి, మరుక్షణం చీపురు పారేసి పనిలోకి దిగింది.

చర్చిలో రెండో పాట నడుస్తుండగా బ్లెసన్ ఫోన్ చూసుకున్నాడు. కంప్యూటర్లు ఆరిపోతున్నాయి. మళ్లీ లేపాడు. మళ్లీ ఆరిపోయాయి, తలుపు దగ్గరి బల్ల నుంచి వరసగా ఒక్కొక్కటీ. సత్తెమ్మ చీపురు నడిచే దారి అదేనని అప్పుడు వెలిగింది అతనికి. తన ఫోన్‌లో కాల్ చేస్తే ఆఫీసుతో లింకు తెగుతుంది. సునీల ఫోన్ లాక్కుని, బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వంగి, సత్తెమ్మకు కలిపాడు.

"సత్తెమ్మక్కా, నేను బ్లెసన్‌ని. కంప్యూటర్లు గట్లనే ఉండనియ్యి. బంద్ జెయ్యకు."

"గొంతేంది, గుసగుసలాడుతున్నవ్?"

"చర్చిల ఉన్న అక్కా. గట్టిగ మాట్లాడరాదు."

"మా సారు నంబరు నా తాన ఉన్నది. గిది ఆయనది కాదు. తన పేరు జెప్పుకొని దొంగ ఫోన్ జేస్తడని మా సారు ముందే చెప్పిండు."

"గా మాట చెప్పింది నేనే అక్కా!"

"గది గూడ తెలుసుకున్నవా? ఆదివారం పూట, చర్చిల గూసొని అబద్ధాలా? థూ!" ఫోన్ కట్ అయింది.

బ్లెసన్ మూడోసారి మీట నొక్కాడు. అదే అతను చేసిన తప్పు. తెరలు మళ్లీ వెలిగేసరికి సత్తెమ్మకు ఒళ్లు మండింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఉబేద్‌ను కేకేసింది. అతను పరుగున వచ్చి చూసి, "యా అల్లా! అక్కా, ఒక్కొక్కటి ఆర్పుడేంది, మొదలే కొట్టేద్దాం" అని మెయిన్ స్విచ్ లాగేశాడు. సగం అప్‌డేట్లు వేసుకుంటున్న కంప్యూటర్లు అలాగే ప్రాణాలు వదిలాయి. ఉబేద్ ఊరుకోకుండా శోభ మేడమ్‌కు కూడా ఫోన్ చేశాడు.

ప్రసంగం మొదలయ్యే వేళకు మేడమ్ ఫోన్ బ్లెసన్‌కు వచ్చింది. "మన ఆఫీసు మీద దొంగలు పడ్డారండీ! వాళ్లలో ఒకడు మీ పేరే వాడుకుంటున్నాడట, ఎంత తెగింపో! నేనూ బయల్దేరాను, వెంటనే రండి."

శంషాబాద్ దాకా బండి నడుపుతున్నంతసేపూ బ్లెసన్ పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. నిజం చెబితే కొలువు పోతుంది. చెప్పకపోతే లేని దొంగ కోసం పోలీసులొస్తారు.

ఆఫీసు చేరేసరికి లోపల సత్తెమ్మ మెయిన్ స్విచ్ కింద స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. "వచ్చినవా సారూ! నువ్వు చెప్పినట్టే అక్షరం పొల్లు పోకుంట జేసిన. వాని గొంతు అచ్చం నీ లెక్కనే ఉన్నది, కాకపోతే జర పిరికి గొంతు."

మేడమ్ అప్పటికే వచ్చి, పోలీసులకు ఫోన్ కలపబోతోంది. బ్లెసన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"మేడమ్, ఆగండి. ఆ దొంగను నేనే."

జరిగిందంతా చెప్పాడు. మేడమ్ పోలీసులకు కలపబోయిన ఫోన్ దించేసింది. సత్తెమ్మ మాత్రం లేవకుండా, "గట్లయితే ఆఫీసు కార్డు సూపెట్టు" అంది. కార్డు చర్చిలో, సునీల సంచిలో ఉంది.

సోమవారం పొద్దున ఎనిమిది కంప్యూటర్లు లేవనే లేదు. మేడమ్ ఉన్నదున్నట్టు పైకి రాసి పంపింది. బ్లెసన్ బల్ల సొరుగు ఖాళీ చేసుకుని కూర్చున్నాడు. బుధవారం పైనుంచి జవాబు వచ్చింది. తాళాలన్నీ చేతిలో ఉన్న మనిషిని కూడా లోపలికి రానివ్వకుండా ఒక ఊడ్చే మనిషి ఆపిందంటే, ఆమెకు నేర్పినవాణ్ని వదులుకోకూడదట. బ్లెసన్ పర్మినెంట్ అయ్యాడు. దాంతోపాటు ఒక్క షరతు: సెలవు రోజున కంప్యూటర్లను లేపాలంటే ముందుగా సత్తెమ్మ ఒప్పుకోవాలి.

ఇప్పటికి నాలుగు ఆదివారాలు గడిచాయి. అందులో రెండుసార్లు ఆమె ఒప్పుకుంది.