పావు లీటరు పందెం

ఇరాక్ వైపు యుద్ధమొచ్చి పెట్రోలు ధర పెరిగినప్పుడు మా మండలంలో సంతోషించిన మనిషిని నేనొక్కణ్ణే. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నవ్వితే నవ్వండి.

నా పేరు జైరాం. మా తండాలో మొదట డిగ్రీ చదివింది నేనే కాబట్టి అందరికీ బీయే జైరాంని. చండ్రుగొండలో గుమాస్తా ఉద్యోగం, ఒక పాత మోపెడ్, ఒక భార్య. మోపెడ్ అప్పుడప్పుడూ ఆగేది. మా ద్వాలి ఆగేది కాదు.

"మా యాడిని చూసి ఆర్నెల్లాయె. తల్లి మొఖమన్న చూపిస్తవా, లేదా?"

అత్తగారి తండా అడవి రోడ్డులో పద్దెనిమిదో కిలోమీటరు రాయి దగ్గర. అక్కడ బస్సు ఆగదు. నేను వెళ్తే మాత్రం తండా మొత్తం ఆగిపోయి, బీయే అల్లుడొచ్చాడని నలభై అర్జీలు రాయించుకుంటుంది. పట్టాకొకటి, రేషను కార్డుకొకటి, బోరింగుకొకటి. ఆదివారం పూట కూడా గుమాస్తాగిరీయేనా?

"పెట్రోలు రేటు చూసినవా? పోయి రావాలంటే రెండు లీటర్లు తాగుతది."

"మోపెడా, లారీనా?"

"అడవి రోడ్డు. ఎత్తుపల్లాలుంటయ్. నీకు తెల్వదు."

"అవ్, నాకేం తెలుసు. నేను బీయే కాదుగద."

ఏటా జనవరి ఇరవయ్యారున మా యువజన సంఘం మోపెడ్ల పందెం పెట్టేది. ఊరి చుట్టూ పది రౌండ్లు, బోలెడు దుమ్ము, నాలుగు మోకాళ్ళకు దెబ్బలు. ఆ ఏడు చందాలు పెట్రోలుకు చాల్లేదు. సంఘం అధ్యక్షుడు మైకు బసవపున్నయ్యగారు (చేతిలో మైకు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు) కొత్త పందెం ప్రకటించారు.

"మనిషికి పావు లీటరే పోస్తాం! అడవి రోడ్డులో ఎవరు ఎక్కువ దూరం పోతే వారికి ప్రెషర్ కుక్కర్! పెడలు తొక్కరాదు!"

ఆ కుక్కరు తెచ్చి ఇంట్లో పెడితే, ద్వాలికి బదులు అదే ఈల వేస్తుందని నా పథకం.

బండి బరువు తగ్గాలని అద్దం, క్యారియరు, స్టాండు విప్పేశాను. నా బరువు తగ్గాలని ముందురోజు అన్నం మానేశాను.

"ఏంది, ఒక్కపొద్దా?" అంది ద్వాలి.

"దేశం కోసం."

"ఆ తొవ్వలనే పోతున్నవ్ గద, మా యాడిని పలకరించు."

"పావు లీటరుకు అంత దూరం ఎక్కడ పోతది, పిచ్చిదానా!"

పందెం రోజు నా బండి పద్నాలుగో రాయి దగ్గర ప్రాణం విడిచింది. చుట్టూ టేకు చెట్లు, మనిషి జాడ లేదు. వెనకనుంచి మాత్రం పోటీలో నాతోపాటు మిగిలిన రాందాస్ మోపెడ్ టకటకలు వినిపిస్తున్నాయి. అంతే, పెడలు మీద కాలు పడింది. పద్దెనిమిదో రాయి దాకా ఆగలేదు.

అక్కడ కట్టెల మోపుతో మా అత్త హేమ్లి నిలబడి ఉంది.

"అల్లుడా!"

తువ్వాలు ముఖానికి లాక్కుని ఇంకా గట్టిగా తొక్కాను. పందొమ్మిదో రాయి దగ్గర చెమట తుడుచుకుని, సంఘం జీపు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. జీపులో తెలిసింది, రాందాస్ పదమూడు దగ్గరే ఆగిపోయాడని. నేను విన్న టకటకలు ఏదో చేలో ఆయిలింజనువి. తొక్కకపోయినా నేనే గెలిచేవాణ్ణి.

సాయంత్రం బసవపున్నయ్యగారు, "పావు లీటరుకు పందొమ్మిది కిలోమీటర్లు!" అని ఊరదిరేలా చాటి, కుక్కరు అందుకోవడానికి ద్వాలిని వేదిక మీదికి పిలిచి, జీవితంలో మొదటిసారి మైకు వదిలారు.

"రెండు ముక్కలు మాట్లాడమ్మా."

"నమస్తే. పావు లీటరుకు పందొమ్మిదంట. మా యాడి తండా పద్దెనిమిదిలనే ఉన్నది. రెండు లీటర్లు కావాలని ఆర్నెల్ల సంది నన్ను ఆపిండు. బీయే సాబ్, గిదేం లెక్క?"

జనం ఈలలు. నేను తొక్కానంటే దొంగని. తొక్కలేదంటే అబద్ధాలకోరుని. రెంట్లో ఏది మేలో మాకు కాలేజీలో చెప్పలేదు.

అప్పుడే ఏదో లారీ దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ మా అత్త వేదిక దగ్గరికొచ్చింది. చేతిలో లీటరు పెట్రోలు సీసా.

"తొక్కుకుంట పోతివి గద అల్లుడా. నా కాడికి వస్తుంటే పెట్రోలు అయిపోయిందేమో, నామోషీకి మొఖం దాసుకున్నవనుకున్న. కోడిపెట్టను అమ్మి కొట్ల కొన్న. పోసుకొని నా బిడ్డను తీస్కరా."

మైకు ఇంకా ద్వాలి చేతిలోనే ఉంది. ఊరంతా విన్నది.

కుక్కరు రాందాస్‌కిచ్చేశాను. అత్తని అటు వెళ్ళే లారీ ఎక్కించాను. ఆదివారం కోడిపెట్ట పెట్రోలు పోసుకుని ద్వాలితో బయల్దేరాను. దారి పొడుగునా ఆమె కిలోమీటరు రాళ్ళు ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టింది. తిడితే బాగుండేది.

ఆ రోజు నలభై అర్జీలూ రాశాను. నలభై ఒకటోది మా అత్తది.

"పద్దెనిమిదో రాయి కాడ బస్సు ఆపాలని రాయి, అల్లుడా. పెట్రోలు పిరమైంది గద. నీకెందుకు తిప్పలు?"

వెక్కిరింపేమోనని ముఖం చూశాను. కాదు. తల దించుకుని, నా ఉద్యోగపు దరఖాస్తుకు కూడా రాయనంత కుదురుగా రాశాను.

ద్వాలి సీసా తెచ్చి కాగితాల పక్కన, నాకు కనిపించేలా పెట్టింది. అందులో సగం పైనే మిగిలి ఉంది.