నాలుగున్నర గంటల పురుడు

ఆ రోజు పొద్దున్న శేషాచలం మేష్టారి ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి బుల్లయ్య బండి కట్టుకొస్తాడు. మేష్టారి ముందుగదిలో నిలవ ఉంచిన తన పత్తిని బోరాల్లో తొక్కి మిల్లుకు తోలుకుపోతాడు. అదే బండిలో కుక్కను కూడా ఎక్కించుకుపోయి తన మిరప కల్లంలో వదిలేస్తాడు. తొమ్మిది కొట్టేసరికి ఇంట్లో పత్తీ ఉండదు, కుక్కా ఉండదు. ప్లాను దుర్గాంబది. మేష్టారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారనడం కంటే, పాతికేళ్ళ అలవాటు చొప్పున తలూపారనడం న్యాయం.

ఆ కుక్క సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేష్టారు పర్చూరు హైస్కూల్లో సోషలు చెబుతారు. ఆర్నెల్ల కిందట ఆయన బడికి వెళుతుంటే, కుక్కల్ని పట్టేవాళ్ళు ఓ ఎర్ర కుక్క మెడకు తీగ ఉచ్చు వేసి బజారులో ఈడ్చుకుపోతున్నారు. దాని వెనక కాలు విరిగి వేలాడుతోంది. అయినా అది అరవలేదు. బజారంతటిలోకీ మేష్టారినొక్కరినే ఎంచుకుని ఆయన మొహంలోకి చూసింది. అంతే, "ఆగండాగండి, అది మా కుక్కే!" అనేశారు మేష్టారు.

"మీదైతే మెడలో బెల్టేదండీ?" అన్నారు వాళ్ళు.

మేష్టారు భుజం మీది జరీ కండువా తీసి దాని మెడకు ముడివేసి, "ఇదీ బెల్టు" అన్నారు. ఆ కండువా దుర్గాంబ పుట్టింటివారు పెట్టింది. ఇంట్లో గొడవ అక్కణ్ణించే మొదలైంది.

వెదురు బద్దలు కట్టగా కట్టగా కాలైతే అతుక్కుంది గానీ కాస్త వంకరగా అతుక్కుంది. పండిన మిరపకాయ రంగులో ఉండేది కనక మేష్టారు దానికి మిరప్పండు అని పేరు పెట్టారు. అబ్బ, ఏం కుక్కండీ అది! రోజూ కుంటుకుంటూ మేష్టారి వెనకే బడికి వెళ్ళి పదో తరగతి గుమ్మంలో పడుకునేది. గుమ్మం దాటి లోపలికి ఒక్కనాడూ కాలు పెట్టలేదు. మేష్టారికి జ్వరమొస్తే మూడు రోజులూ మెతుకు ముట్టలేదు. కూతురు వైదేహి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చాక మాత్రం దాని డ్యూటీ మారిపోయింది. ఆ పిల్ల పెరట్లోకి వెళితే ముందు తాను నడిచేది, కుర్చీలో కూర్చుంటే కాళ్ళ దగ్గర చేరేది. వైదేహి చాటుగా పెరుగన్నం కూడా పెట్టేది.

దుర్గాంబ మడి మనిషి. "పసిగుడ్డు రాబోయే ఇంట్లో కుక్కేమిటండీ? వియ్యంకుడుగారు పొన్నూరులో అంత పేరున్న పురోహితులాయె. చూస్తే మన గురించి ఏమనుకుంటారు?" అని నెల రోజులు సాధించి సాధించి, చివరికి వ్యవహారాన్ని ఈ బండి దాకా తెచ్చింది. మేష్టారికి దాన్ని వదులుకోవాలంటే ప్రాణం పోతున్నట్టే ఉంది. కానీ ఒకసారి ఊపిన తల వెనక్కి తిప్పడం ఆయనకు చేతకాదు.

ఆరింటికి ముందుగది తలుపు తీసి చూస్తే, మిరప్పండు పత్తి గుట్టలో గుంట చేసుకుని పడుకుని మూలుగుతోంది.

"అయ్యో రామ, ఇన్నాళ్ళూ పెరుగన్నం తిని ఒళ్ళు చేసిందనుకున్నానే!" అంది దుర్గాంబ నెత్తి కొట్టుకుంటూ.

పశువుల డాక్టరు ఊళ్ళో లేడు. ఇంకేమీ తోచక మేష్టారు పరుగున వెళ్ళి ఎలీసమ్మను వెంటబెట్టుకొచ్చారు. పర్చూరులో సగం మందిని భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని ఆవిడ. వైదేహి పుట్టింది కూడా ఆవిడ చేతుల్లోనే.

"కుక్కకి నేనేంటండీ మేష్టారూ, మతిగానీ పోయిందా మీకు?" అని తిడుతూనే వచ్చింది. వచ్చి చూసి గొంతు తగ్గించింది. "పిల్ల అడ్డం తిరిగిందండీ. నన్ను పిలిచి మంచి పనే చేశారు." చేతికి నూనె రాసుకుని, "ఓర్చుకో తల్లీ, అయిపోయిందమ్మా" అని మనిషికి చెప్పినట్టే చెబుతూ మొదటి పిల్లను క్షేమంగా తీసింది. "శొంఠీ బెల్లం తెచ్చి పట్టండి. మనిషైనా కుక్కైనా తల్లి తల్లేగా."

మేష్టారు చొక్కా కూడా వేసుకోకుండా శెట్టి కొట్టుకు పరుగెత్తారు. తిరిగి వస్తుంటే పక్కింటి వెంకటరావమ్మ సంచీ పట్టుకుని పొన్నూరు బస్సు కోసం గబగబా వెళుతూ ఎదురైంది. ఇందాక ఎలీసమ్మ లోపలికి వెళ్ళడం చూసింది, ఇప్పుడు మేష్టారి చేతిలో శొంఠి చూసింది.

"కాన్పేనా మేష్టారూ?"

"కాన్పేనండీ! పాపం చాలా కష్టమైంది. అడ్డం తిరిగింది. ఎలీసమ్మ చెయ్యి వేసింది కనక గండం గడిచింది."

"మగపిల్లాడేనా?"

"మగపిల్లాడే! ఎర్రగా భలే ఉన్నాడు!"

బస్సు హారను మోగింది. వెంకటరావమ్మ "శుభం, శుభం" అంటూ పరుగెత్తింది. మేష్టారు అందులో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆ క్షణాన ఆయన దృష్టిలో లోకం మొత్తానికి కాన్పు ఒక్కటే.

ఎనిమిదింటికి బుల్లయ్య రానే వచ్చాడు. అప్పటికి పత్తిలో ఐదు పిల్లలు కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నాయి. బుల్లయ్య తలపాగా విప్పి చంకలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంకేం తోలతానండీ! ఈనిన తల్లిని లేపి పత్తి తోలుకొచ్చానంటే మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తదా? మిల్లు ఎక్కడికీ పోదులెండి."

"పత్తి సంగతి తరవాత. ముందా కుక్కని తీసుకుపోవయ్యా బాబూ!" అంది దుర్గాంబ.

"దానికీ పురుడుంటదిగా అమ్మగారూ. పదిరోజులు పోనీండి" అని ఖాళీ బండి తోలుకుని చక్కా పోయాడు.

ఈ హడావిడిలో వైదేహి గుమ్మం పట్టుకుని నిలబడి రెండుసార్లు "నాన్నా" అంది. మొదటిసారి "ఉండమ్మా, నాలుగోది వస్తోంది" అన్నారు మేష్టారు. రెండోసారి ఆయన వినిపించుకోలేదు.

పొన్నూరులో జరిగింది మేష్టారికి తరవాత తెలిసింది గానీ, మనం ముందే తెలుసుకుందాం. ఆ వేళ అక్కడ ఓ రైసుమిల్లు షావుకారి గృహప్రవేశం. వియ్యంకుడు రాధాకృష్ణమూర్తిగారు, ఆయన తమ్ముడు, ఇద్దరు పెదతండ్రి కొడుకులు, వెరసి నలుగురు పురోహితులు పీటల మీద కూర్చున్నారు. నలుగురిదీ ఒకే ఇంటిపేరు. వాళ్ళ వంశంలో బిడ్డ పుట్టినట్టు కబురు చెవిన పడితే చాలు, పదిరోజులు పురుడు. దేవుణ్ణి తాకరాదు, శుభకార్యం చేయించరాదు. సరిగ్గా పదిన్నరకు, ఇంకా సంకల్పం చెప్పకముందే, షావుకారి చుట్టమైన వెంకటరావమ్మ లోపలికి వస్తూ కేక పెట్టింది.

"రాధాకృష్ణమూర్తిగారూ, తాతయ్యారండోయ్! మనవడు!"

నలుగురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ముహూర్తం దాటకముందే వేరే ఇంటిపేరుగల పురోహితుణ్ణి వెతకడానికి ఊరు నాలుగు మూలలకూ మనుషులు పరుగెత్తారు. రాధాకృష్ణమూర్తిగారు మాత్రం నిదానంగా ఒంగోలులో ఉన్న కొడుక్కి ఒక టెలిగ్రామూ, పర్చూరుకు ఒక టెలిగ్రామూ ఇప్పించారు. షావుకారికి ఎంత కోపమొచ్చినా మనవడి సంగతి కదా, తన కారే ఇచ్చాడు.

పర్చూరు టెలిగ్రాము పన్నెండింటికి మేష్టారి చేతికొచ్చింది. మనవడు పుట్టినందుకు సంతోషం, పురుడు పడుతున్నాం, బయల్దేరి వస్తున్నాం అని దాని సారాంశం. మేష్టారు రెండుసార్లు చదివారు. శొంఠి, వెంకటరావమ్మ, ఎర్రగా ఉన్నాడు అనడం, అన్నీ ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చి దాచకుండా దుర్గాంబకు చెప్పేశారు.

"అయితే మీ కుక్క కాన్పుకి మా వియ్యాలవారు పురుడు పడుతున్నారన్నమాట!" అంది దుర్గాంబ. గొంతు మాత్రం పెంచలేదు. ఆవిడ అరుస్తే భయపడటం మేష్టారికి అలవాటే గానీ, అరవకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. "వాళ్ళకి తెలిస్తే పిల్లకి అత్తవారింట్లో తలెత్తుకునే దారుంటుందా? సాయంత్రానికి ఈ ఇంట్లో ఆ కుక్కైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ముందు పోస్టాఫీసుకెళ్ళి ట్రంకు కాలు చేస్తాను. బయల్దేరకుండా ఆపుదాం."

"మీరొక్కరూ వెళితే ఇంకో కాన్పు చేసొస్తారు. నేనూ వస్తున్నా."

"అమ్మా, నాకు నడుం..." అంది వైదేహి.

"నువ్వు కాసేపు పడుకోవే. డాక్టరమ్మ ఇంకా మూడు వారాలుందందిగా" అని దుర్గాంబ తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది.

పోస్టాఫీసులో రెండు గంటలు బల్ల మీద కూర్చున్నారు. చివరికి లైను కలిశాక మేష్టారు క్లాసులో కూడా ఎన్నడూ అరవనంతగా అరిచారు. అవతలి నుంచి "వాళ్ళెప్పుడో బయల్దేరారండీ!" అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

దారి పొడుగునా మేష్టారు చెప్పుకోవలసిన మాటలు వల్లె వేసుకున్నారు. ఇంటి మలుపు తిరిగేసరికి కారు గుమ్మం ముందు ఆగుతోంది. రాధాకృష్ణమూర్తిగారు పట్టు కండువా సర్దుకుంటూ, నవ్వు మొహంతో దిగారు. ఆ నవ్వు చూసేసరికి మేష్టారు వల్లె వేసినదంతా మరిచిపోయారు. నడివీధిలో రెండు చేతులూ జోడించారు.

"బావగారూ, క్షమించాలి. కాన్పైన మాట నిజం. అయింది మా అమ్మాయికి కాదు, మా కుక్కకి. తప్పంతా నాది. అమ్మాయినీ మా ఆవిణ్ణీ ఏమీ అనకండి. ఆ కుక్కనీ ఏమీ అనకండి, దానికసలేమీ తెలియదు."

రాధాకృష్ణమూర్తిగారి నవ్వు మెల్లగా ఆరిపోయింది. "నలుగురం, పీటల మీద నుంచి లేచాం" అన్నారు ఒక్కో మాటే పలుకుతూ. "నలుగురం. కుక్క కోసం?"

అప్పుడే ఇంట్లోంచి కేరుమని ఏడుపు వినిపించింది. కుక్కపిల్ల ఏడుపు కాదది.

ఎలీసమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి పోయారండీ అంతా? మగపిల్లాడు. తల్లీ బిడ్డా లక్షణంగా ఉన్నారు. ఇప్పుడే, మూడు గంటలకి."

దుర్గాంబ ఒక్క అంగలో అరుగెక్కింది. "నిన్నెవరు పిలిచారే ఎలీసమ్మా?"

"ఇంకెవరు, మీ కుంటి కుక్కే! అన్నం తింటన్నానండీ. పొద్దున్న ఈనిన కుక్క, పిల్లల్నొదిలేసి, రోజూ మేష్టారెంట బడికొచ్చే దారినే అంత దూరం మా పేటకొచ్చింది. వచ్చి నా కోక చెంగు పట్టుకుంది. అదిలిస్తే వదల్లేదు, కొడితే వదల్లేదు. పిల్లలకేదో అయిందనుకుని పరుగెత్తుకొచ్చాను. వస్తే ముందుగదిలోకి పోనియ్యలేదు, అమ్మాయిగారి గదిలోకి లాక్కుపోయింది. పాపం, ఆ పిల్ల ఒక్కతే నేల మీద పడుకుని పళ్ళు బిగించుకుని ఉంది. పొద్దుట్నుంచీ నొప్పులంట! ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ ప్రభువుకే తెలియాలి."

మేష్టారికి పొద్దుటి రెండు "నాన్నా"లూ ఇప్పుడు చెవుల్లో వినిపించాయి. తన పిల్ల కష్టం తనకు తెలియలేదు. ఉదయమే ఆ కష్టం పడిన కుక్కకు తెలిసింది. ఆయన ముందుగదిలోకి వెళ్ళి పత్తిలో మోకాళ్ళ మీద కూర్చుని, సిగ్గుపడకుండా ఏడ్చారు. మిరప్పండు అలిసిపోయి ఉంది. లేవకుండానే ఆయన చెయ్యి నాకింది.

రాధాకృష్ణమూర్తిగారు మనవణ్ణి చూశాక ముందుగది గుమ్మంలోకి వచ్చారు. చెప్పులు విడవడానికి వంగారనుకుందామంటే అవి వాకిట్లోనే విడిచి వచ్చారు, కనక అది నమస్కారానికి వంగినట్టే ఉంది. "బావగారూ, ఈ తల్లిని ఎవరికీ ఇవ్వకండి" అన్నారు.

"మేమెందుకిస్తామండీ!" అంది దుర్గాంబ వెనక నుంచి. ఒక చేతిలో పెరుగన్నం, ఇంకో చేతిలో ఆర్నెల్లుగా తాను పెట్టె అడుగున దాచిన జరీ కండువా. మడి సంగతి ఆవిడకూ గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు చెయ్యనూ లేదు. కండువా తన చేత్తోనే కుక్క మెడకు కట్టింది.

పదకొండో రోజున పురిటి స్నానానికి రెండు కాగుల నీళ్ళు కాగాయి. బుల్లయ్య బండి కట్టుకొచ్చి పత్తి తోలుకుపోయాడు, కుక్కను అడగలేదు. రాధాకృష్ణమూర్తిగారు వచ్చి శుద్ధి జరిపించి, మూడు గంటల జననం ప్రకారం పురుడు తీరిందని పంచాంగం మూశారు. ఆ రోజు పదిన్నర నుంచి మూడింటి దాకా తాము నలుగురూ పట్టిన పురుడు ఎవరిదో మాత్రం ఆయన ఏ శాస్త్రంలోనూ వెతకలేదు.