దర్జీ సూది, డాక్టర్ సూది

ఆ ఉదయం పరశురాములు పెట్టుకున్న పని ఒక్కటే: సత్తెమ్మ కూతురి పెళ్లి జాకెట్‌కు చేతులు కుట్టి పది గంటలకల్లా ఇచ్చేయడం. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇరవై ఏళ్లుగా ఆయన దర్జీ. దుకాణం తెరిచేముందు భార్య ఉమారాణి వాచిన మోకాలికి నూనె మర్దన చేయడం ఆరేళ్ల అలవాటు. వాళ్లు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ పావుగంటే.

నూనె గిన్నెతో వచ్చేసరికి ఆమె చెప్పులు తొడుక్కుంటోంది.

"ఇయ్యాల వద్దు. శివాజీ డాక్టర్ సూదులు పెట్టినంక వాపు దిగింది. ఎంత మెత్తటి చెయ్యి ఆయనది."

గోడ పట్టుకోకుండా మెట్లు దిగి దవాఖానకు వెళ్లింది. ఆరేళ్లుగా తన చేతికి లొంగని వాపు మూడు వారాల్లో ఎవడి చేతికో లొంగింది. అదీ సూదితో. సూది తన వస్తువు. జాకెట్ మిషన్ మీదే వదిలేసి, మెడలో టేపు తీయడం కూడా మరిచి, వెనకాలే బయలుదేరాడు.

అది ఒంటికి సన్నటి సూదులు గుచ్చి నయం చేసే ఆక్యుపంక్చర్ దవాఖాన. నర్సు స్వరూప ఆ టేపు చూసింది. "పర్దాలు కుట్టే అన్నవేనా? నిన్నటి సంది చూస్తున్నం."

కాదంటే బయటికి పొమ్మంటుంది. "నేనే," అన్నాడు.

అలా భార్య మంచం పక్కనున్న తెర వెనక, కొలతలు తీస్తూ నిలబడ్డాడు.

"వాపు మోకాలుకుంటే సూది కింద పిక్కకెందుకు సార్?" ఉమారాణి గొంతు.

"గక్కడి నరం నుంచి మెదడుకు కబురు పోతదమ్మా. మెదడు గ్రంథులకు చెప్తది, అవి వాపు పెంచే కణాలను సల్లబరుస్తయి. ఎలుకలల్ల చూసిన్రు. మనుషులల్ల ఇంకా పూర్తిగ తేలలే."

తేలలేదన్న మాటకు పరశురాములుకు ప్రాణం లేచొచ్చింది.

"నాకు తగ్గితే సాలు సార్. రోజూ నా కాలు పిసికి పిసికి మా ఆయన మణికట్టు వాచింది. కత్తెర పట్టలేడు, చెప్పడు. నేను బాగైతేనే ఆయన చెయ్యికి ఆరాం."

"మరి తోల్కరాకపోయినవా?"

"దినాం సూది పట్టేటోడే గని, ఒకరు గుచ్చుతరంటే ఉరుకుతడు."

ఇంకాస్త వినాలని తెర పట్టుకుని ముందుకు వంగాడు. కమ్మీ ఊడింది. తెరతో సహా డాక్టర్ మీద పడ్డాడు. సూదుల పళ్లెం నేల మీద గలగలమంది.

"నువ్వేంది ఈడ?" అంది ఉమారాణి, కాలికి నాలుగు సూదులతో కదలలేక.

"పర్దాల కొలత."

అంతలో గుమ్మంలో సత్తెమ్మ. "ఊరంత తిరిగిన. పదిన్నరయింది. జాకెట్ ఏది నాయినా?"

శివాజీ లేచాడు గాని కోప్పడలేదు. ఆ వాచిన మణికట్టు పట్టుకుని చూశాడు. చెయ్యి నిజంగానే మెత్తగా ఉంది. పదిహేను రోజులు కత్తెర ముట్టవద్దన్నాడు. సూదులు పెడుతుంటే పరశురాములు కళ్లు మూసుకున్నాడు.

ఇన్నేళ్లుగా ఆయన్ను చూసి నేర్చిన కుట్టుతో జాకెట్ ఆ పూటే ఉమారాణి కూర్చుని పూర్తి చేసింది. పెళ్లిలో అందరూ చేతుల కుట్టు చూసి అడిగారట. పదిహేను రోజులకు మణికట్టు వాపు తగ్గి పరశురాములు దుకాణానికి వస్తే, బల్ల ముందు ఐదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"నువ్వు కాదు అన్నా, జర అక్కను పిలువు. ఆమె చెయ్యి మెత్తన."

శివాజీ డాక్టర్ మీద పరశురాములుకు ఇప్పుడు ఏ కోపమూ లేదు. తన సూది లాక్కున్న మెత్తటి చెయ్యి ఇంట్లోనే ఉంది.