పదకొండు చారల ప్రభువు

ఒక పెద్ద అడవిలో, ఈ కొసన మొదలైన వాన ఆ కొసకు చేరేలోగా ఇక్కడి వాగులు ఎండిపోయేటంత పెద్ద అడవిలో, లాఘవుడనే కోతి ఉండేవాడు. అతడు గొప్ప చిత్రకారుడు. ఆ మాట మొదట అన్నది అతడే.

పులులను లెక్కించడానికి వచ్చిన ఒక అధికారి జీపులోనుంచి ఒకనాడు ట్యాబ్ జారిపడి లాఘవుడి చేత చిక్కింది. అడవి దానికి వెలుగుపలక అని నామకరణం చేసింది. దాని గర్భంలో పులుల ఫోటోలు వేలకు వేలు. వాగు పక్కన నీటి పంపుకు బిగించిన సౌరఫలకం దానికి నిత్యాన్నదాత.

లాఘవుడి విద్య చిన్నది. ఫోటోను కింది పొరలో పరిచేవాడు. దానిమీద గాజువంటి పై పొర వేసేవాడు. కింద ఏ గీత కనబడితే ఆ గీత వెంటే పైన వేలు నడిపేవాడు. చివరకు కింది పొరను మాయం చేసేవాడు. మిగిలినదానిని చూసి అడవి అంతా "ఆహా!" అనేది. ఆ "ఆహా" రుచి మరిగాక అతనికి వెలగపండు కూడా చప్పబడింది.

అంతలో చాటింపు వచ్చింది. శార్దూలభూపతి సింహాసనమెక్కి పన్నెండేళ్లు నిండుతున్నవి. ఉత్సవం నాటికి ప్రభువు చిత్రాన్ని సమర్పించి, వన్యకళాపరిషత్తు ఆమోదం పొందినవారికి ఆస్థాన చిత్రకార పదవి.

లాఘవుడి తోక ఇక నేల మీద నిలవలేదు. మందలో అతనిది అట్టడుగు కొమ్మ. పైవారు తిని పారేసిన తొక్కలు వచ్చి తలమీద వాలే కొమ్మ. ఆస్థాన చిత్రకారునికో, సింహాసనం మీదుగా వంగిన పూలకొమ్మ! పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అతడు కోరినది ఆ ఎత్తు ఒక్కటే.

వెలుగుపలకలోని పులులన్నింటిలో మీసకట్టు బాగున్న పులిని ఏరుకొని, కింది పొరలో పరిచి, పూట తిరిగేలోగా చిత్రం ముగించాడు.

పరిషత్తు కొలువుదీరింది. అధ్యక్షులు గజానందంగారు, ఏనుగు. కార్యదర్శి జంబుకేశం, నక్క. జంబుకేశం ఆ ఉదయమే లాఘవుడు గీసిన తన చిత్రాన్ని కానుకగా అందుకొన్నాడు. అందులో అతని తోక మూడు నక్కలకు సరిపోయేటట్లుంది.

"అభ్యంతరం ఉందండీ," అంటూ శల్యమ్మ లేచింది. ఆమె ముళ్లపంది. తన ఒంటినుంచి రాలిన ముల్లుతో వాగు ఒడ్డున తడి ఇసుక మీద బొమ్మలు గీసేది. వరద వచ్చి చెరిపితే మళ్లీ గీసేది. "ఇది గీయడం కాదు. దిద్దడం."

లాఘవుడి గుండె గొంతులోకి వచ్చింది. కాని గొంతులో అప్పటికే మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"దిద్దడమే! దిద్దని విద్య ఏదమ్మా? ఓనమాలు దిద్దుతాం. నుదుట బొట్టు దిద్దుకొంటాం. సంసారం దిద్దుకొన్నదాన్ని ఇల్లాలంటాం. శిష్యుణ్ణి తీర్చిదిద్దినవాణ్ణి గురువంటాం. తప్పు దిద్దినవాణ్ణి పండితుడంటాం. పులిని దిద్దిన నన్ను మాత్రం దొంగంటారా?"

సభ ఫెళఫెళ చప్పట్లు కొట్టింది. అధ్యక్షులవారి చెవులు కూడా కదిలాయి. అది మెప్పో, ఈగలో తెలియలేదు.

"ఓనమాలు దిద్దు నాయనా, నేను కాదన్నానా?" అంది శల్యమ్మ. "దిద్దినవాడు ఏదో ఒకనాటికి పలక తుడిచి సొంతంగా రాయాలి. గడ్డం నెరిసేదాకా పంతులుగారి 'అ' మీదే వేలు తిప్పుతూ కూర్చుంటే వాణ్ణి కవి అనరు, మొద్దు అంటారు."

"నా వేలు వణకదు. అది నేర్పు కాదా?"

"నేర్పే. ఇంకొకరు వేసిన దారిలో తూలకుండా నడవడమూ నేర్పే. దారి నువ్వు వేయలేదు, అంతే. సరే గాని, ప్రభువును ఎన్నడైనా దగ్గరగా చూశావా?"

"చెట్టుమీదనుంచి చూశాను. దగ్గరగా ఫోటో చూశాను. పులి పులే కదమ్మా!"

సభ పగలబడి నవ్వింది. శల్యమ్మ నవ్వలేదు. ముళ్లు సర్దుకొని కూర్చుంది.

జంబుకేశం తోకను ఒకసారి ప్రేమగా నిమురుకొని తీర్మానం చదివాడు. "దిద్దుట యనగా సరిచేయుట యని నిఘంటువు. కావున దిద్దిన చిత్రము మూలముకన్న సరియైనది. చిత్రమునకును మూలమునకును భేదము గలిగినచో దోషము మూలమునదే!"

గజానందంగారు కుడికాలెత్తి ధబ్బున రాజముద్ర వేశారు. ఆ పాదం కిందనున్న చీమలపుట్టకు కూడా అభ్యంతరం ఉండేదేమో. అడిగే వ్యవధి దొరకలేదు.

ఉత్సవం వచ్చింది. వెలుగుపలకను రాతిమీద నిలబెట్టి ముసుగు తీశారు. శార్దూలభూపతి తేరిపార చూశాడు. సన్నని నడుము, మెలిదిరిగిన మీసం, మిసమిసలాడే ఒళ్లు.

"నేనేనా?" అన్నాడు మెల్లగా. పిమ్మట, "నేనే!" అన్నాడు గట్టిగా.

పక్కనున్న రాణి మాత్రం మెడ ముందుకు చాచి అడిగింది: "ఎవరండీ ఈయన?"

చిత్రాన్నీ, ప్రభువునూ మార్చి మార్చి చూసింది.

"మీ ఎడమ డొక్కన చారలు తొమ్మిది. పన్నెండేళ్లుగా మీరు ఎండలో పడి గురక పెట్టినప్పుడల్లా లెక్కపెడుతున్నాను, నాకు మరో పనేముంది? ఈయనకు పదకొండు. ఏటి అవతలి గట్టుకు నీళ్లు తాగడానికి వస్తారే, ఆయన." కాస్త ఆగి, "బాగుంటారు పాపం," అని కూడా అంది.

శార్దూలభూపతి గర్జించాడు. చెట్ల మీది కాయలు పండకుండానే రాలాయి. లాఘవుడికి పూలకొమ్మ కళ్లముందు కనబడి, విరిగి, మాయమైంది.

"ఎక్కడ తప్పు?"

జంబుకేశం వణుకుతూ తీర్మానం విప్పాడు. "ముద్ర పడిపోయింది ప్రభూ. దోషము... మూలమునదే."

"మూలమెవరు?"

"తమరే, ప్రభూ."

గజానందంగారు నిద్రనుంచి ఉలిక్కిపడి, "తీర్మానం తీర్మానమే," అని మళ్లీ కన్ను మూశారు.

ప్రభువు నక్కను చూశాడు, చిత్రాన్ని చూశాడు. చిత్రం మీదనుంచి ఇంకా చూపు తిప్పుకోని రాణిని చూశాడు. అప్పుడు నిశ్చయించుకొన్నాడు.

"లాఘవా! నేటినుంచి నీవే ఆస్థాన చిత్రకారుడివి."

లాఘవుడు ఆనందంతో రెండు పల్టీలు కొట్టాడు. మూడోది గాలిలో ఉండగా మిగతా మాట వినబడింది.

"రా. ఎడమ డొక్క. రెండు చారలు తక్కువ. దిద్దు."

తుమ్మజిగురులో బొగ్గుపొడి కలిపి తెచ్చారు. ప్రభువు పక్కకు ఒరిగి పడుకొన్నాడు. లాఘవుడు వేలు ముంచి నిలబడ్డాడు. వణకని ఆ వేలు చిగురాకులా వణికింది. బంగారు రంగు డొక్క కొండలా లేస్తోంది, దిగుతోంది. ఎక్కడా ఒక్క గుర్తు లేదు.

"శల్యమ్మా," అని సభ ముందు వరుసవైపు వంగి గుసగుసలాడాడు. "అమ్మా, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?"

"అదేం నాయనా, కింది పొర లేదా?"

"ఉందమ్మా! ఊపిరి తీస్తోంది!"

శల్యమ్మ నిట్టూర్చి తన ఒంటినుంచి ఒక ముల్లు పీకి చేతికిచ్చింది. "మొండి కొసతో గీయి, గుచ్చావో నీ ఖర్మ. ఆ చర్మాన్ని చూడు. పక్క చార ఎటు వంగిందో చూడు. చూస్తే అదే చెబుతుంది."

జీవితంలో మొదటిసారి లాఘవుడు పులిని చూశాడు. చారలు గీతలు కావు, ఎముక వెంట పారే ఏరులు. పళ్లు బిగించి ముల్లు ఆనించాడు.

దురదృష్టమేమంటే ప్రభువుకు చక్కిలిగింతలు. "హిహీ! అక్కడ కాదు! హిహిహీ!" అంటూ అడవినేలిన పులి నాలుగు కాళ్లూ గాలిలో కొట్టుకొన్నది. గీత పాములా మెలికలు తిరిగింది. సభలో ఎవరికీ నవ్వే ధైర్యం లేక అందరూ ఒక్కసారిగా దగ్గారు.

పని ముగిసింది. రాణి దగ్గరకు వచ్చి లెక్కపెట్టింది. "పదకొండు. రెండు వంకర." మరల చూసింది. "కాని ఇటువంటివి అవతలి గట్టాయనకు లేవు."

ప్రభువు ఛాతీ ఉబ్బింది. లాఘవుడు బతికాడు.

మర్నాడు వాన కురిసింది. రెండు చారలూ కరిగి కారిపోయాయి. తెల్లవారగానే పిలుపు వచ్చింది. ఆ ఏడు వానలు మెండు.

పూలకొమ్మ లాఘవుడిదే. ఎక్కడానికే తీరిక లేదు. ఎప్పుడూ కింద డొక్క పక్కనే ఉంటాడు. మధ్యాహ్నాలు వాగు ఒడ్డున శల్యమ్మ ముందు కూర్చుని ఇసుకలో ఒక్కొక్క గీతే నేర్చుకొంటాడు. గీత తప్పితే ఆమె తుడిచేస్తుంది. పరిషత్తు శల్యమ్మను కూడా మరువలేదు. ముల్లు సరఫరా చేసినందుకు అభినందన పత్రమిచ్చింది.

నీతి: ఎవరి బొమ్మ మీద దిద్దినా దిద్దవచ్చు గాని, ముద్ర వేయించుకొనే ముందు చారలు లెక్కపెట్టుకోవలెను.