సామాన్ల సంక్షేమార్థం ఒక షెడ్డు

యావన్మందికీ తెలియజేయడమేమనగా, సూపరింటెండెంటుగారి పెరట్లో షెడ్డు వెలిసింది. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, పైన రేకు, చుట్టూ రేకు. వీధిలోవాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు.

అసలు సంగతి వెనక గది దగ్గర మొదలైంది. భార్యగారికి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. నూట ఇరవై జతలు. ఒకటో తారీఖున మొదలుపెట్టకపోతే వేరే టైలరుకు ఇచ్చేస్తామని బడివాళ్లు ముందే చెప్పారు. ఆవిడ కుట్టుమిషను వెనక గదిలోనే ఉంది. ఉందని ఆవిడ నమ్మకం, చూసి ఆరేళ్లయింది. దాని చుట్టూ, మీదా మోటారు లేని కూలరు, చక్రాలు లేని సైకిలు, గుడ్డ లేని గొడుగులు మూడు, ఎప్పుడో కన్నుమూసిన టీవీ తాలూకు అట్టపెట్టె కొలువు తీరి ఉన్నాయి.

"పాత సామాన్లవాణ్ణి పిలుద్దామండీ," అందావిడ.

సూపరింటెండెంటుగారు ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కాగితం చింపని మనిషి. "రేపెప్పుడైనా చక్రాలు దొరికాయే అనుకో, సైకిలెక్కణ్ణించి తెస్తావు?" అన్నారు. ఇంతటి ముందుచూపుతో పాత సామాన్లవాడి ప్రస్తావన కొట్టివేయబడింది. కాబట్టి సామాన్లకు షెడ్డు కొనాలని తీర్మానమైంది.

మనబోటి వాళ్లమైతే దుకాణానికి వెళ్లి, నాలుగు చూసి, బేరమాడి ఒకటి తెచ్చుకుంటాం. ఆయన పద్ధతి తెలిసినవారు. ముందు ఫైలు తెరిచారు. బడ్జెటు పదివేలని రాసి, తానే సమర్పించి, తానే ఆమోదించారు. మూడు దుకాణాల నుంచి సీలు వేసిన కవర్లలో మూడు కొటేషన్లు తెప్పించారు. భార్యనీ బావమరిదినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్ల సమక్షంలో కవర్లు విప్పారు.

మొదటి షెడ్డు గదంత ఉంది, ధరా అంతే ఉంది. రెండోదానికి చెక్క నేల, కిటికీ ఉన్నాయి. మూడోదానికి నేల లేదు, కిటికీ లేదు, ధర మాత్రం అన్నిటికన్నా తక్కువ. నిబంధన ప్రకారం తక్కువ ధరదే ఖాయమని ఆయన ప్రకటించారు.

"బావగారూ, గదిలో సామాను సగం కూడా ఇందులో పట్టదు," అన్నాడు బావమరిది.

కొలతల మీద అభ్యంతరాలుంటే కవర్లు విప్పకముందే చెప్పుకోవాలని, ఇప్పుడు గడువు దాటిపోయిందని ఆయన ఫైల్లో నమోదు చేశారు. సగం సామాను పట్టినా మిషను బయటపడుతుంది కదా అని ఆవిడ సరిపెట్టుకుంది.

ఇరవై తొమ్మిదో తారీఖున షెడ్డు వచ్చింది. బిగించే మనిషి రేకుల మీది ప్లాస్టిక్ తొడుగు పీకబోతే ఆయన గావుకేక పెట్టారు. కొత్త రంగు గీరుకుపోదూ? తొడుగుతోనే బిగించారు. మర్నాడు ఆవిడ కూలరును ఈడ్చుకుంటూ షెడ్డు దాకా తెచ్చేసరికి ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డారు. తుప్పు కూలరు కొత్త షెడ్డులోనా? పైగా లోపల మట్టినేల. వానొస్తే చెమ్మ, ఎండొస్తే కొలిమి. అట్టపెట్టెకు చెదపడితే ఎవరిది పూచీ?

"మరి కొన్నదెందుకండీ?"

"పెట్టొద్దన్నానా? చెమ్మకీ ఎండకీ పాడవనిదేదైనా ఉంటే చూసి పెట్టుకో."

ఆవిడ చూసింది. ఇల్లంతా కలియదిరిగితే అలాంటిది ఒక్కటే తేలింది. ఒకటో తారీఖు పొద్దున్నే తమ్ముడి చేత మిషను లాగించి, షెడ్డులో రెండు పలకల మీద నిలబెట్టి, ముందు స్టూలేసుకుని తాను కూర్చుంది.

సూపరింటెండెంటుగారు పొంగిపోయారు. ఇరుగుపొరుగును పోగుచేసి, "పరిమిత నిధులతో గృహిణికి ప్రత్యేక కార్యస్థలం కేటాయించిన ఘనత ఈ వీధిలో మొట్టమొదట మన ఇంటికే దక్కింది," అని ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకు మాత్రం చేతులు ఖాళీ లేవు. చెమట గుడ్డ మీద పడకుండా భుజంతో మొహం తుడుచుకుంటూ కుట్టుకుపోతోంది. వెనక గదిలో కూలరూ సైకిలూ గొడుగులూ ఎవరి చోట్లో అవి సుఖంగా ఉన్నాయి. అట్టపెట్టెకు ముక్కిపోయిన వాసన రాకుండా ఆయన మధ్యాహ్నం పూట ఫ్యాను కూడా వేస్తున్నారు.

జనం వెళ్లాక పక్కింటాయన ఒక్కడే మిగిలాడు. షెడ్డు చుట్టూ తిరిగి, రేకు మీద వేళ్లతో తట్టి చూశాడు.

"సార్, ఇందులోనే ఇంకో రెండడుగులు పొడుగున్నది దొరుకుతుందా?"

"సామాను ఎక్కువా?"

"సామాను కాదండి, మంచం పట్టాలి. అమ్మ గదిలో కొత్త సోఫా వేద్దామనుకుంటున్నాం."

లోపల మిషను ఒక్కసారి ఆగి, మళ్లీ కదిలింది. సూపరింటెండెంటుగారు సంతోషంగా వెళ్లి ఫైలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

దుకాణం చిరునామా అందులోనే ఉంది. మీక్కావాలన్నా ఇస్తారు. కాకపోతే, చెమ్మకీ ఎండకీ పాడవని మనిషి మీ ఇంట్లో ఎవరో ముందే చూసుకుని రండి. చూసుకునే ఉంటారు లెండి.