సూర్యుడితో పనిలేని సోలార్ కాలిక్యులేటర్

కాలిక్యులేటర్‌కి ఉత్తుత్తి సోలార్ పలక అతికించిన మహానుభావుడికి చోడవరం జంక్షన్‌లో విగ్రహం పెట్టాలి! నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను.

పాతకాలం టేబుల్ కాలిక్యులేటర్ గుర్తుందా? నెత్తిన నాలుగు గళ్ళ నల్లటి పలక. దాని మీద బొటనవేలు పెడితే చాలు, అంకెలు మూర్ఛపోయేవి. వేలు తీస్తే లేచేవి. ఎంత సుకుమారం! ట్యూబ్‌లైటు ఆరితే భయం, తలుపు మూస్తే భయం. అలాంటి పిరికి మిషన్‌తో దేశం ముందుకు పోతుందా?

మా ఊళ్ళో పెళ్ళి విందుల వంట మేస్త్రీ ఫెలిక్స్‌కి అలాంటిదే ఉండేది. ఎంతమందికి ఎన్ని కిలోల బియ్యమో దాని మీదే తేల్చేవాడు. పోయినేడాది అది సాంబారు గుండిగలో పడి ప్రభువునందు నిద్రించింది. కొత్తది కొన్నాడు. అదే నలుపు, అవే గళ్ళు. వేలు పెట్టి చూస్తే అంకెలు చెక్కుచెదరలేదు!

"ఇది గట్టిపిండం బాబూ, ఏలెట్టినా సావదు," అని నాకు చూపించి మురిసిపోయాడు. రోజూ పొద్దున్నే వడియాల పక్కన దాన్నీ ఎండబెట్టేవాడు.

మా ఊరి కరుణమ్మ పెద్దకూతురు జెస్సికా పెళ్ళినాడు అంకెలు వెలవెలబోయాయి. మిషన్‌కి ఆకలేసిందనుకుని ఫెలిక్స్ దాన్ని నడినెత్తి ఎండలో పెట్టాడు. తర్వాత నొక్కితే ఎనభైలో గీత ఒకటి మాయమై అరవైలా కనిపించింది. మిషన్ మాట కాదనగలడా? అరవై కిలోలే ఎసట్లో పోశాడు.

విశాఖ నుంచి మగపెళ్ళివారి బస్సు ఆలస్యంగా వచ్చింది. బిర్యానీ అప్పటికే అయిపోయింది. వియ్యపురాలు అరటిపండు తిని బస్సెక్కింది. రెండో కూతురు జూడీ పెళ్ళికి పొయ్యి దగ్గరికి కూడా రావద్దని కరుణమ్మ ఫెలిక్స్‌కి అందరి ముందూ చెప్పేసింది. ఇరవయ్యేళ్ళ పేరు గంగలో కలిసింది!

రిపేర్ల శామ్సన్ ఆ మిషన్ స్క్రూలు విప్పాడు. పలక వెనక ఒక్క తీగ లేదు. అది ప్లాస్టిక్ ముక్క, గళ్ళు అచ్చేసినవి. అడుగున గుండీ బ్యాటరీ, కొన ఊపిరితో!

పాఠకులారా, ఆ పనితనం చూడండి! నిజం పలకైతే పనిచేస్తే చాలు. ఇది పనిచేయకుండానే పనిచేస్తున్నట్టు కనిపించాలి. ఎంత డిజైనింగ్ కావాలి! గళ్ళ మధ్య సందు కూడా కొలిచి గీశారు. సూర్యుడికి కూడా శ్రమ తప్పించారు!

ఫెలిక్స్‌కి ఈ కళాదృష్టి లేదు. వడ్డాదిలో పాతసామాన్ల కొట్టు గాలించి, పాత మిషన్ ఒకటి తెచ్చి కరుణమ్మ ముందు పెట్టాడు. ఆవిడ పలక మీద బొటనవేలు అదిమింది. అంకెలు పోయాయి. వేలు తీసింది. వచ్చాయి.

"అడ్డెడితే సచ్చిపోతంది. అయితే నిజమైందే," అంది. "జూడీ పెళ్ళికి నువ్వే రా. బియ్యం మాత్రం నా ఎదర కొలిసి ఎయ్యి."

చూశారా చాదస్తం? ఈవిడ అనుమానం ఎంత తప్పో నిరూపించాలని ఇంటికొచ్చి, మా కొత్త వాటర్ ఫిల్టర్‌కి నీళ్ళ పైపు పీకేశాను. 'శుద్ధి జరుగుతోంది' అనే నీలం లైటు హాయిగా వెలుగుతూనే ఉంది.

కాబట్టి విగ్రహం పని మొదలెట్టించండి. పైన రాతిరంగు పూస్తే చాలు. లోపల ఏమీ అక్కర్లేదు.